ఎర్ర మూత, నారింజ రంగు మూత



గత మాసంలో నంద్యాల ప్రాంతం నుండి ఒక సోదరి మాకు జాబు రాశారు. వారు పెంచుకుంటున్న పిల్లికి మధుమేహం ఉన్నదని కొన్ని నెలల క్రితం తేలిందట. ఇంతవరకు వేస్తున్న ఇన్సులిన్ మాని మరొక రకానికి మారమని పశువైద్యులు ఇప్పుడు సలహా ఇచ్చారట. ‘పిల్లికి రోజుకు రెండు సూదులేమిటి, ఇది ఇస్రాఫ్ కాదా?’ అని ఇంటి పెద్దలు అడుగుతున్నారు. పైగా ఇన్సులిన్‌ను పంది నుండి తీస్తారని ఎవరో చెప్పారు. ఆ సోదరి మనసు కలత చెందింది.

ఈ జాబుకు జవాబు రాయడానికి మాకు గ్రంథపరిచయం ఒక్కటే ఆధారం కాదు. రెండేళ్లుగా మా ఇంట్లోనూ ఇదే వ్యాధితో ఒక పిల్లి ఉన్నది. ఇన్సులిన్ మార్చే సమయంలో జరగకూడని పొరపాటు మా చేతనే జరిగింది. అందుచేత మసాయిల్ కంటే ముందు ఆ సంగతే చెప్పుకుంటాము.

దాని పేరు మోతీ. మదర్సా సామాన్ల గదిలో ఎలుకల బెడద తగ్గడానికి తెచ్చిన పిల్ల, క్రమంగా మా వంటింటికి మకాం మార్చింది. పదేళ్లు నిండిన మగపిల్లి, చిన్నప్పుడే శస్త్రచికిత్స చేయించాము, బాగా బరువెక్కింది. మధుమేహం తరచుగా పట్టుకునేది ఇటువంటి పిల్లులనేనని తరువాత తెలిసింది. మొదట అది నీటి పాత్ర దగ్గరే కూర్చోసాగింది. ఎంత తిన్నా చిక్కిపోయింది. చివరకు వెనుక కాళ్ల మడమలు నేలకు ఆన్చి నడవడం మొదలుపెట్టింది. ముసలితనమని మేము సరిపెట్టుకున్నాము. అది నరాలు దెబ్బతిన్న లక్షణమని, చక్కెర అదుపులోకి వస్తే చాలావరకు కోలుకోవచ్చని వైద్యులు చెప్పారు.

మన ప్రాంతంలో పిల్లులకు కూడా సాధారణంగా మనుషుల మందుల దుకాణంలోని ఇన్సులిన్‌నే వాడుతుంటారు. మోతీకి మొదట ఇచ్చినది ఎన్‌పీహెచ్ అనే మబ్బు మందు. సీసాను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి ఎక్కించాలి. మా చిన్నమ్మాయి ఒక శుక్రవారం మదర్సా సెలవు చూసుకుని, రెండు గంటలకొకసారి పిల్లి చెవి అంచున చిన్న చుక్క తీసి చక్కెర కొలిచింది. ఉదయం 420 ఉన్నది సూది వేసిన నాలుగు గంటలకు 95కు దిగింది. ఎనిమిది గంటలయ్యేసరికి మళ్లీ 380. పిల్లుల శరీరంలో ఈ మందు పని త్వరగా ముగుస్తుందని, సాయంత్రం సూది వరకు అది నిలవదని వైద్యులు వివరించారు. మోతాదు పెంచితే మధ్యలోని పల్లం ఇంకా లోతవుతుందే తప్ప చివరి గంటలు మెరుగుపడవు. అందుకే మందునే మార్చాలన్నారు.

కొత్తది గ్లార్జిన్. ఇది నీటివలె స్వచ్ఛంగా ఉంటుంది. చర్మం క్రిందికి చేరగానే సన్నని రేణువులుగా పేరుకుని, అక్కడి నుండి కొద్దికొద్దిగా కరుగుతూ రక్తంలో కలుస్తుంది. అందువలన దీన్ని నీటితో పలచన చేయరాదు, వేరే ఇన్సులిన్‌తో కలపరాదు. మబ్బుగా మారితే పారవేయాలి. పాత మందు ఎన్ని యూనిట్లు పడుతున్నా లెక్కలోకి తీసుకోకుండా, పూటకు ఒక యూనిట్‌తో మొదలుపెట్టమన్నారు. మొదటి వారం అంకెలు ఎక్కువగా కనిపించినా మోతాదు పెంచవద్దని గట్టిగా చెప్పారు.

ఇక మా పొరపాటు. పాత మందు సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. గ్లార్జిన్‌లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. దానికి నారింజ రంగు మూత సిరంజి. రెండింటి మీదా గీతలు ఉంటాయి, రెండింటి మీదా ‘1’ అని ఉంటుంది. కానీ ఎర్ర మూత సిరంజిలో ఒక గీత వరకు గ్లార్జిన్ తీస్తే లోపలికి వెళ్లేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. కొత్త సిరంజిలు అమ్మాయి అల్మారాలో పెట్టింది. పాతవి ఫ్రిజ్ మీది డబ్బాలోనే మిగిలి ఉన్నాయి. మందు మారిన రెండవ రోజు సాయంత్రం ఆమె ఊరిలో లేదు. మేము డబ్బా తీశాము, ఎనిమిది గంటలకు సూది వేశాము, అంతా సవ్యంగా చేశామనుకుని ఇషా తరువాత పడుకున్నాము.

తహజ్జుద్‌కు లేచినప్పుడు మోతీ నీళ్లకుండ ప్రక్కన ఒరిగి ఉన్నది. పిలిస్తే తల ఎత్తింది గాని లేవలేకపోయింది. లేచి రెండడుగులు వేసి తూలిపడింది. చెవి దగ్గర చుక్క తీస్తే 48. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలో చక్కెరను ఉన్నదానికంటే కాస్త తక్కువగా చూపడం కద్దు, అయినా అటువంటి వేళ ఆ తేడాను లెక్కిస్తూ కూర్చోకూడదు. మా శ్రీమతి తేనె తెచ్చారు. వ్రేలితో చిగుళ్లకు కొద్దికొద్దిగా రాశాము. మింగలేని స్థితిలో ఉన్నప్పుడు నోటిలో పోస్తే ఊపిరితిత్తులలోకి వెళుతుంది కనుక రాయడమే. పావుగంటకు అది నాకడం మొదలుపెట్టింది, ఆ తరువాత కొంచెం తిన్నది. వైద్యులకు ఫోను చేస్తే విసుక్కోకుండా ‘ఏ సిరంజి వాడారు?’ అన్న ఒక్క ప్రశ్న అడిగారు. అప్పటిదాకా మాకు సంగతి అర్థం కాలేదు. ఈ మందు ప్రభావం చాలా గంటలు ఉంటుంది కనుక తేనెతో తేరుకున్నా నమ్మవద్దని, గంటగంటకూ కొలవమని, తెల్లవారగానే తీసుకురమ్మని, ఆ పూట సూది వేయవద్దని చెప్పారు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు అక్షరాల క్రింది చుక్కలు సరిగా చూసి చదవండని చెబుతున్న మేము ఒక మూత రంగు చూడలేకపోయాము. మర్నాడు మీజాన్ పాఠం చెబుతున్నంతసేపూ ఆ సిగ్గు మమ్మల్ని విడిచిపెట్టలేదు.

సోదరీ, మందు మార్చే రోజున మొదట పాత సిరంజిలను ఇంటి నుండి పంపివేయండి. మరెవరికైనా వాటి అవసరం ఉంటే విడిగా భద్రపరచండి. ఇంట్లో సూది వేసే ప్రతివారికీ మూత రంగు చూపించండి. సూది వేశారో లేదో అనుమానం వస్తే రెండవసారి వేయవద్దు. ఒక పూట తప్పితే పిల్లికి వెంటనే ప్రమాదం రాదు, ఒక పూట ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. తిండి ముట్టని పూట మామూలు మోతాదు వేయకుండా వైద్యులను అడగండి. మా ఇంట్లో అన్నం, పాలు మాన్పించి తడి మాంసాహారానికి మార్చాము. ఆ మార్పుతో కూడా చక్కెర దిగుతుంది కనుక వైద్యులకు చెప్పకుండా ఆహారాన్ని, ఇన్సులిన్‌ను ఒకేసారి మార్చకండి.

మరొక సంగతి మనలాంటి కుటుంబాలలోనే వస్తుంది. మేము మొదట జ్ఞాపకం ఉంటుందని ఫజ్ర్‌కు ఒకటి, మగ్రిబ్‌కు ఒకటి పెట్టుకున్నాము. చలికాలంలో ఆ రెంటి నడుమ దాదాపు పన్నెండు గంటలే ఉంటుంది. జూన్‌లో పద్నాలుగు దాటుతుంది, రాత్రి వ్యవధి పదికి కుంచించుకుపోతుంది. సూదికి గడియారమే ప్రమాణం. రమజాన్‌లోనూ అంతే. పిల్లికి ఉపవాసం లేదు, సహరీ వేళకు దాని సూదిని జరపనక్కర లేదు.

ఇక పెద్దల ప్రశ్న. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, స్వయంగా వేటాడి తినడానికీ వదలని స్త్రీ గురించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. వుజూ నీటి పాత్రను పిల్లి త్రాగడానికి వంచి పట్టిన హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఉదంతం మదర్సా విద్యార్థులందరికీ తెలిసినదే. మన పోషణలో ఉన్న జీవి మీద చేసే ఖర్చు, ఇంటివారి హక్కులకు లోటు రానంతవరకు, ఇస్రాఫ్ అనడానికి మాకు నోరు రాదు. అయితే ఆ హద్దు దాటే పరిస్థితి కొన్ని ఇళ్లలో నిజంగానే ఉంటుంది. గ్లార్జిన్ పాత మందుకంటే ఖరీదైనది. పిల్లల ఫీజు ఆపి పిల్లికి మందు కొనమని మేము చెప్పలేము. అటువంటివారు సిగ్గుపడకుండా వైద్యులకు చెప్పుకుంటే, పాత మందుతోనే ఏ మేరకు నెట్టుకురావచ్చో వారు చూస్తారు.

పంది సంగతి పూర్తిగా అబద్ధం కాదు. ఇన్సులిన్ కనుగొన్న 1921 నుండి దశాబ్దాల పాటు దాన్ని ఆవుల, పందుల క్లోమగ్రంథి నుండే తీశారు. 1982 నుండి సూక్ష్మజీవుల ద్వారా తయారైన మానవ ఇన్సులిన్ వాడుకలోకి వచ్చింది. గ్లార్జిన్ కూడా బాక్టీరియా లేదా ఈస్టు సాయంతో తయారయ్యేదే. పంది నుండి తీసిన ఇన్సులిన్ ఇప్పటికీ కొన్ని దేశాలలో పశువైద్యంలో ఉన్నది. కుక్క ఇన్సులిన్, పంది ఇన్సులిన్ ఒకే నిర్మాణం గలవి. పిల్లి ఇన్సులిన్ మాత్రం ఆవు ఇన్సులిన్‌కు అతి దగ్గర, తేడా ఒక్క అమైనో ఆమ్లమే. మీ వైద్యులు వ్రాసినది గ్లార్జిన్ అయితే మీ సందేహానికి తావే లేదు. విదేశాలలో ఉన్న పాఠకులకు పంది మూలమైన మందు వ్రాస్తే, మరొకటి ఉన్నదేమో అడగండి, సాధారణంగా ఉంటుంది. అది దొరికే వరకు మూగజీవిని మందు లేకుండా ఉంచవద్దని మా అభిప్రాయం. చికిత్సలో అగత్యం ఏర్పడినప్పుడు మన ఫుఖహా ఇచ్చిన వెసులుబాటును బట్టి ఇలా అంటున్నాము. మీ దగ్గరి ముఫ్తీ గారిని కూడా సంప్రదించండి. సందేహంతో ఉన్నపళంగా సూది ఆపివేయడం మాత్రం ప్రమాదకరం. కొద్ది రోజులలోనే రక్తం ఆమ్లమయమై పిల్లి మరణించవచ్చు.

మోతీ ఇప్పుడు మడమలు ఎత్తి నడుస్తున్నది. మూడు నెలలకు మోతాదు పూటకు అర యూనిట్‌కు తగ్గింది. ఇందుకు అర యూనిట్ గీతలున్న సన్న సిరంజి తెచ్చుకున్నాము. కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే తీరిపోతుందని, ఆ సమయం గుర్తించక సూదులు కొనసాగిస్తే మళ్లీ ఆ రాత్రి వంటి రాత్రి వస్తుందని వైద్యులు హెచ్చరించారు. అందుకని వచ్చే శుక్రవారం మళ్లీ పన్నెండు గంటల లెక్క పెట్టుకున్నాము. జుమా వేళ చుక్క తీసే బాధ్యత అమ్మాయిది. ఎర్ర మూతల డబ్బా ఆ మర్నాడే పొరుగింటి పెద్దాయనకు ఇచ్చివేశాము. వారు వాడేది 40 యూనిట్ల మందే. సీసా మీద అంకె చూసిన తరువాతే ఇచ్చాము.