ఆఱవయేటి దంతము
బిడ్డపంటిపై నల్లని మచ్చ కనబడినప్పుడు, ‘పాలపన్నే గదా, ఊడిపోవునులే’ యని మన యిండ్లలో పెద్దలు ఊరకుందురు. కాని ఆఱవయేటి ప్రాంతమున, ఏ పన్నును ఊడకయే, పాలదంతముల వరుసకు వెనుక చిగురు చీల్చుకొని వచ్చు పెద్ద దవడపన్ను జీవితాంతము నిలువవలసిన స్థిరదంతమని యెఱిగిన తల్లిదండ్రు లెందఱు? ఆ పంటి నడినెత్తినున్న సన్నని నెఱియలలో బిస్కత్తుపొడి చిక్కుకొన్నచో, నోటనుండు సూక్ష్మజీవులు ఆ తీపిని తిని ఆమ్లమును పుట్టించును. ఆ యామ్లము, దేహమున నెల్ల కఠినతమమైన పింగాణిపొరనుండి సైతము ఖనిజములను కొంచెము కొంచెముగా కరగించి తుదకు గుంత చేయును. లాలాజలము ఆ నష్టమును కొంతవఱకు పూరింపగలదు గాని, గంటగంటకు చాక్లెట్టు చప్పరించు బిడ్డనోట దానికి వ్యవధి యెక్కడిది? నొప్పి పుట్టువఱకు వేచి లవంగనూనెలో ముంచిన దూది పెట్టుట చికిత్స గాదు, బాధను కాసేపు మఱపించుట మాత్రమే. పిప్పి లోపలి నరమును చేరకమునుపే వైద్యుడు దానిని తొలిచి శుభ్రపఱచి పూడ్చినచో పన్ను దక్కును. ఫ్లోరైడు పేస్టుతో రెండుపూటల తోమించుడు. ఈ రాత్రియే బిడ్డను దీపముచెంత కూర్చుండబెట్టి, నోరు తెఱపించి, ఆ చిట్టచివరి పంటిని చూడుడు.