ఆడపిల్లల ఆటకు పద్దు ఏదీ?

స్కేటుబోర్డు గురించి ఈ పత్రికకు రాస్తానంటే మా సంఘంలోనే ఇద్దరు నవ్వారు. మిరపకోతల కూలి రేట్లు, వరకట్నం కేసులు, పట్టాల గొడవలు ఎక్కడివక్కడే ఉండగా చక్రాల బల్ల మీద జారే ఆటకు ప్రభుత్వం డబ్బివ్వాలని అడగడమేమిటని వాళ్ల ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే. అయితే మగపిల్లల క్రికెట్ గురించి ఈ ప్రశ్న ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? ఇటు జగ్గయ్యపేటలో గానీ, అటు నందిగామలో గానీ సాయంత్రమైతే స్కూలు గ్రౌండు ఎవరి చేతిలో ఉంటుంది? సంక్రాంతి టోర్నమెంటుకు షాపుల వాళ్లు చందాలిస్తారు, నాయకుడొచ్చి కప్పు అందిస్తాడు, ఊరంతా నిలబడి చూస్తుంది. ఆడపిల్లలకు ముగ్గుల పోటీ. అది కూడా వాకిట్లో వంగి చేసే పనే గదా, ఆట పేరుతో.

ఆకలి తీరాకనే ఆట అనే వాదన ఆడవాళ్ల విషయంలోనే ఇంత గట్టిగా వినిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి స్త్రీ వివక్షా నిర్మూలన ఒప్పందాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. మనం సభల్లో ఆ ఒప్పందం పేరెత్తేది హింస గురించి, ఆస్తి గురించి. దాని పదో అధికరణంలో బాలికలకు ఆటల్లో, వ్యాయామ విద్యలో సమాన అవకాశమివ్వాలని ఉంది. పదమూడో అధికరణంలో వినోదం, క్రీడలు స్త్రీల హక్కు అని ఉంది. ఈ వాక్యాలను మనమే చదవకుండా దాటేశాం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం, ఆటవస్తువులు ఉండాలంటుంది. మా మెట్ట ఊళ్లలో ఎన్ని బడుల్లో ఆ స్థలం ఉందో, ఉన్నచోట ఆడపిల్లలు ఎన్ని నిమిషాలు ఆడుతున్నారో ఈసారి తనిఖీకి వెళ్లినప్పుడు మరుగుదొడ్లతో పాటు అదీ చూడండి.

ఇక స్కేటుబోర్డే ఎందుకు? చూడనివారికి చెప్పాలంటే, కింద నాలుగు చక్రాలున్న చెక్కబల్ల. దానిమీద నిలబడి వాలు దిగాలి, మెట్టు దూకాలి, బల్లను గాలిలో తిప్పి మళ్లీ దానిమీదికే రావాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి ఈ ఆట పెట్టారు. స్త్రీల స్ట్రీట్ విభాగంలో స్వర్ణం గెలిచిన జపాన్ బాలిక మొమిజీ నిషియాకు, రజతం గెలిచిన బ్రెజిల్ బాలిక రైసా లీల్‌కు అప్పటికి పదమూడేళ్లు. 2024 పారిస్‌లో అదే విభాగంలో గెలిచిన కోకో యోషిజావాకు పద్నాలుగు. మన దగ్గర ఆ వయసుకు ఆడపిల్లను గ్రౌండు నుంచి ఇంట్లోకి పిలుస్తారు. పెద్దమనిషయింది, ఇక ఎగురుళ్లేంటి అంటారు. ఏ వయసులో అక్కడి పిల్లలు పతకం అందుకుంటున్నారో సరిగ్గా ఆ వయసులో మన పిల్లలకు ఆట ఆగిపోతోంది.

దీనికి పచ్చగడ్డి మైదానం అక్కర్లేదు, పదకొండు మంది జట్టు అక్కర్లేదు. నున్నటి సిమెంటు నేల, ఒక వాలు చాలు. సున్నపురాయి తవ్వి దేశానికంతా సిమెంటు పంపే జగ్గయ్యపేట ప్రాంతంలో సిమెంటుకు కొరతా?

డబ్బున్నవాళ్ల సరదా అనేవారికి మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ చూపిస్తాను. ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ స్త్రీ 2015లో ఆ పల్లెలో స్కేట్‌పార్కు కట్టించారు. అక్కడి నియమాలు రెండు: బడికి పోనివాళ్లకు బోర్డు లేదు, ముందు ఆడపిల్లలకే బోర్డు. గోండు పిల్లలూ, వాళ్లను దూరం పెట్టే కులాల పిల్లలూ అదే నేల మీద పడ్డారు, లేచారు. తమిళనాడు మహాబలిపురంలో కమలి అనే పిల్ల మీద తీసిన చిన్న సినిమా బాఫ్టా నామినేషన్ దాకా వెళ్లింది. కాబూల్‌లో 2007లో మొదలైన స్కేటిస్తాన్‌లో, సైకిలు తొక్కనివ్వని ఇళ్ల ఆడపిల్లలు బోర్డు ఎక్కారు. బోర్డు కొత్త వస్తువు కాబట్టి ఆడవాళ్లు తొక్కకూడదనే ఆచారం దానికింకా పుట్టలేదు. మగవాళ్ల ఆటగా ముద్రపడకముందే మనం అందుకోవలసిన కారణం ఇదే.

అయితే ఇవన్నీ ఎవరో ఒక మంచిమనిషో, విదేశీ విరాళమో ఉండి జరిగినవి. ఎన్జీవోల్లో పనిచేసే మిత్రులు నొచ్చుకోకూడదు: ప్రాజెక్టు మూడేళ్లు, పిల్ల బాల్యం పదేళ్లు. మధ్యలో నిధులు ఆగితే ఆ పిల్ల ఎవరిని అడగాలి? దాతను నిలదీయలేం. ప్రభుత్వాన్ని నిలదీయగలం. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో క్రీడలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, కాబట్టి అడగవలసింది మొదట రాష్ట్రాన్నే.

ప్రభుత్వ సొమ్ము నేరుగా పిల్ల చేతికి రాదు, అసోసియేషన్ గుండా వస్తుంది. కేంద్రం ఒక్కో ఆటకు ఒక్క సమాఖ్యను గుర్తిస్తుంది, ఆ సమాఖ్య రాష్ట్ర సంఘాన్ని, అది జిల్లా సంఘాన్ని చేర్చుకుంటుంది. స్కేటుబోర్డు మన దేశంలో రోలర్ స్కేటింగ్ సమాఖ్య కిందికి వస్తుంది. ఆ ఆటలకు మన దేశంలో భవిష్యత్తు లేదనుకోకండి. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు వేల మీటర్ల స్పీడ్ స్కేటింగ్ రిలేలో మన ఆడపిల్లలు నలుగురు, ఆరతి కస్తూరిరాజ్, హీరల్ సాధు, సంజన బత్తుల, కార్తిక జగదీశ్వరన్, కాంస్యం తెచ్చారు.

ఈ గుర్తింపు అనే గొలుసులో ఒక్క లింకు లేకపోతే ఏమవుతుందో మా పక్క ఊళ్లో చూశాను. కోతలకు పోయే తల్లి కూతురు. మేనమామ ఇంట్లో ఉండి స్కేటింగ్ నేర్చుకుంది. ఎవరో ఏదో అసోసియేషన్ పేరు చెప్పి రాష్ట్రస్థాయి పోటీలన్నారు, ప్రవేశ రుసుమని, యూనిఫారమని మూడు వేలు తీసుకున్నారు. పిల్ల రెండో స్థానంలో వచ్చింది. రంగుల సర్టిఫికెట్టు, ఎర్ర ముద్ర. ఇంటర్ అయ్యాక స్పోర్ట్స్ కోటాకు పెట్టుకుంటే ఒక కార్యాలయంలో గుమస్తా చూసి, “ఈ అసోసియేషన్ మా లిస్టులో లేదమ్మా” అని కాగితం వెనక్కి తోశాడు. నేను పక్కనే ఉన్నాను. “ఇంత ముద్ర ఏశారు గదమ్మా, చెల్లదంటారేంది?” అని ఆ తల్లి నన్ను అడిగింది. మిరపకాయ కోసి వేళ్లు మండిన డబ్బు అది. ప్రతిభ నిజం, పరుగు నిజం, కాగితం మాత్రం చెల్లదు. 2024లో ప్రకటించిన కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను రెండు శాతం నుంచి మూడు శాతానికి పెంచారు. సంతోషం. ఆ మూడు శాతంలో అడుగుపెట్టే తలుపు అసోసియేషన్ దగ్గర ఉంది, తాళం చెవి ఎవరి మొలలో ఉంది?

స్కేటుబోర్డు ఆడేవాళ్లలో కొందరంటారు, ఈ ఆట స్వేచ్ఛకు గుర్తు, దీనికి సంఘాలూ పదవులూ ఎందుకని. నగరంలో తండ్రి సంపాదన మీద ఆడే కుర్రాడికి ఆ మాట బాగానే ఉంటుంది. వాడికి సర్టిఫికెట్టు చెల్లకపోయినా చదువు ఆగదు.

అలాగని ఇప్పుడున్న సంఘాలను నెత్తిన పెట్టుకోమనడం లేదు. చాలా క్రీడాసంఘాల లెటర్‌హెడ్డు చదవండి: అధ్యక్షుడు ఒక నాయకుడు, కార్యదర్శి ఇరవై ఏళ్లుగా అదే మనిషి, కోశాధికారి ఆయన బావమరిది. ఆడమనిషి ఉంటే ‘మహిళా విభాగం’ అనే మూలలో ఉంటుంది. 2023లో దేశానికి ఒలింపిక్ పతకాలు తెచ్చిన కుస్తీ క్రీడాకారులు జంతర్ మంతర్ దగ్గర పేవ్‌మెంటు మీద పడుకుని లైంగిక వేధింపుల మీద విచారణ కోరవలసి వచ్చింది. సాక్షి మాలిక్ గతే అదైతే మెట్ట పల్లె పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? 2013 నాటి పనిస్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం స్టేడియాన్నీ, శిక్షణా కేంద్రాన్నీ, పోటీ జరిగే చోటునూ పనిస్థలంగానే లెక్కిస్తుంది. పదిమంది కంటే తక్కువ ఉద్యోగులున్న చోట ఫిర్యాదు కలెక్టరు నియమించిన స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. ఈ సంగతి గోడమీద తెలుగులో రాసిన స్టేడియం ఒక్కటి ఉంటే నాకు చూపించండి.

2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. సమాఖ్య కార్యవర్గంలో కనీసం నలుగురు స్త్రీలు ఉండాలంటుంది. పదిహేను మందిలో నలుగురు! అదీ ఢిల్లీ స్థాయిలో. అది జిల్లాకు దిగివచ్చేదాకా మనం కూర్చోవాలా? జిల్లా సంఘంలో సగం పదవులు స్త్రీలకు, అందులో కోశాధికారి పదవి తప్పకుండా స్త్రీకి ఉంటేనే ప్రభుత్వం పైసా విడుదల చేయాలని మన కోరిక. డబ్బు పెట్టె దగ్గర కూర్చోని అధికారం ఉత్తుత్తిదని పొదుపు సంఘాల్లో నేర్చుకున్నాం గదా.

మా ప్రాంతానికి సంబంధించిన ఇంకో సంగతి. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలో కలిపారు. కృష్ణా జిల్లా అనే మాట మా నోటి నుంచి ఇంకా పోలేదనుకోండి. పేరు ఏదైనా క్రీడా వసతులన్నీ విజయవాడలోనే. నందిగామ నుంచి యాభై కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి ఇంకా ఎక్కువ. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, దాన్ని తక్కువ చేయను. కానీ బడి అయ్యాక బస్సెక్కి, విజయవాడలో గంట ఆడి, చీకట్లో హైవే మీద దిగి ఊళ్లోకి రెండు మైళ్లు నడవమని ఏ తల్లి పంపుతుంది? 2023 డిసెంబరులో మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’లో క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్, ఈ ఐదే ఆటలు. నెలన్నర సందడి అయ్యాక మా పిల్లలకు మిగిలింది ఫొటోలు. ఒక మండలంలో ఒక నేల, ఒక స్త్రీ కోచ్, ఏడాది పొడవునా జీతం. ఇది పండగ కంటే చౌక.

రాష్ట్రం డబ్బు లేదంటే సిమెంటు కంపెనీల వైపు చూపించండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. ఆ చట్టం ఏడో షెడ్యూల్లో గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు శిక్షణ అని స్పష్టంగా ఉంది. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది. దుమ్ము మా ఊపిరితిత్తుల్లోకి వస్తున్నప్పుడు ఆ రెండు శాతంలో మా పిల్లల వాటా అడగడం దానం అడగడం కాదు.

మేం సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితాలు సిద్ధం చేస్తున్నాం. 2001 చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. జగ్గయ్యపేట నుంచి నలుగురం, నందిగామ నుంచి ముగ్గురు. అందరం ఆడవాళ్లమే, ఇద్దరు వ్యాయామ ఉపాధ్యాయినులు. రిజిస్టరయ్యాక రాష్ట్ర సంఘంలో చేర్చుకోమని రాతపూర్వకంగా అడుగుతాం. కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పమంటాం. ఇంతలోనే ఒక పెద్దమనిషి కబురు పంపాడు, గౌరవాధ్యక్షుడిగా తన పేరు పెడితే ఫైలు వారంలో కదులుతుందని. బైలాలో గౌరవాధ్యక్ష పదవే లేదని జవాబు రాశాం.