పని పోయినవారికి మూడు గుమ్మాలు

నిరుద్యోగి అనగానే మన కళ్ళకు కట్టేది ఇరవై రెండేళ్ళ కుర్రవాడు. చంకలో సర్టిఫికెట్ల ఫైలు, చేతిలో దరఖాస్తు ఫారం. పదిహేనేళ్ళు నమ్మకంగా పనిచేసి, ఒక నెలాఖరున "రేపటి నుంచి రానక్కరలేదు" అనిపించుకొన్న గృహస్థు మనకు చప్పున స్ఫురించడు. సర్కారువారికీ అంతే. 2018 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం అని ఒక భృతి పెట్టారు. నెలకు 1,000 రూపాయలు, తరువాత 2,000 చేశారు. 22 ఏళ్ళు నిండి 35 దాటనివారికి మాత్రమే. 2019లో ప్రభుత్వం మారాక అదీ ఆగిపోయింది. ఆగిపోవటం సంగతి అట్లా ఉంచండి. ముప్పై ఆరో ఏట పని పోయినవాడికి ఆ నేస్తం మొదటినుంచీ నేస్తం కాదు గదా!

ఈ మధ్య ఒక సోదరి నాలుగు పుటల ఉత్తరం రాశారు. ఊరూ పేరూ వెయ్యవద్దన్నారు. వారి భర్తకు నలభై మూడేళ్ళు. ఒక కంపెనీలో స్టోర్ కీపరు, జీతం ఇరవై వేల లోపు. మనుషులను తగ్గిస్తూ ఆయననూ తగ్గించారు. రెండు నెలలుగా ఆయన రోజూ ఉదయం క్యారియరు పట్టుకొని బయలుదేరుతున్నారట. సాయంత్రందాకా గ్రంథాలయంలో కూర్చుని ఇంటికి వస్తారు. పక్కవాటా వారికి తెలియదు. ఇంట్లోనే ఉన్న అత్తగారికీ తెలియదు. "డబ్బు సంగతి ఎట్లాగో నెట్టుకొస్తున్నామండీ. మావారిని మళ్ళీ పనిలో పెట్టే ఆఫీసు గవర్నమెంటులో ఏదైనా ఉందా?" అని ఆమె ప్రశ్న.

ఉందనాలా లేదనాలా అని చాలాసేపు ఆలోచించాను. ఉన్నది ఒకటి కాదు, మూడు. మూడూ మూడు చోట్ల. అదే చిక్కు.

చిత్రమేమంటే, మన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు పుట్టిందే పని పోయినవారికోసం. యుద్ధం ముగుస్తుండగా, 1945 జూలైలో, పటాలం నుంచి విడుదలయ్యే సిపాయిలనూ యుద్ధపు ఫ్యాక్టరీల పనివారినీ తిరిగి ఏదో ఒక వృత్తిలో పెట్టటానికి ఒక శాఖ తెరిచారు. దాని పేరులోనే పునరావాసమూ ఉంది, ఉపాధీ ఉంది. పని వెదికిపెట్టటం, కొత్త పని నేర్పటం రెండూ ఆ ఒక్క శాఖ బాధ్యతే. దేశ విభజన తరువాత శరణార్థులు వచ్చారు, పిమ్మట గుమ్మం అందరికీ తెరిచారు. 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే, వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. 1959లో ఖాళీలను విధిగా తెలియజేయాలని చట్టం చేశారు. తెలియజేయాలన్నారేగాని, అక్కడినుంచే మనిషిని తీసుకోవాలని అనలేదు. ఇక కృష్ణా జిల్లానుంచి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో 1996లో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగాలకు ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టరాదు, పత్రికల్లో ప్రకటన కూడా ఇవ్వాలి అన్నది. అది న్యాయమే. కాని ఆ తరువాత కార్డు విలువ ఏమైందో మీ ఇంట్లో పెద్దవారిని అడగండి. మూడేళ్ళకొకసారి రెన్యువల్ చేయించి, ఇనప్పెట్టెలో దాచుకొన్న కార్డులు ఎన్ని లేవు!

ఇంగ్లండువారు ఈ పని మరొక విధంగా చేశారు. 1910 ఫిబ్రవరి 1న లేబర్ ఎక్స్ఛేంజీలు తెరిచారు. అప్పటి వాణిజ్యమంత్రి చర్చిల్, వెనుక ఉండి పథకం అల్లినవాడు బెవరిడ్జి. మరుసటి ఏడు నిరుద్యోగ బీమా చట్టం చేశారు. ఓడలు, ఇళ్ళు కట్టేవారికి, ఇంజనీరింగు పనివారికి, మొత్తం ఇంచుమించు 22 లక్షల 50 వేల మందికి వర్తించింది. పనివాడూ యజమానీ వారానికి రెండున్నర పెన్నీల చొప్పున కడితే, సర్కారు కొంత కలిపేది. పని పోతే వారానికి 7 షిల్లింగులు, ఏడాదికి 15 వారాలు మించకుండా. సొమ్ము స్వల్పమే. కాని ఆ షిల్లింగులకోసం వెళ్ళవలసింది లేబర్ ఎక్స్ఛేంజికే. బీమా పుస్తకం అక్కడ ఇచ్చి సంతకం పెట్టాలి. అంటే భత్యమిచ్చే గుమాస్తా ఎదుటనే ఖాళీల పట్టిక కూడా ఉండేదన్నమాట.

మనకు భత్యం ఒక కార్యాలయంలో, ఖాళీలు మరొక కార్యాలయంలో, శిక్షణ ఇంకొక చోట. ఎవరికి ఎవరూ కబురు చెప్పుకోరు.

మొదటి గుమ్మం ఈఎస్ఐ. ఆస్పత్రి అనుకొంటారు చాలామంది. అక్కడ పని పోయినవారికి డబ్బు కూడా ఉందని పదిమందిలో ఒక్కరికైనా తెలుసునా? 2005లో రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడ్డా, రిట్రెంచ్‌మెంటు జరిగినా భత్యం, కుటుంబానికి వైద్యం, కొత్త వృత్తి నేర్చుకొనటానికి ఫీజు. 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. మొదట సగటు వేతనంలో నాలుగో వంతు ఇచ్చేవారు, 2020లో సగం చేశారు. గరిష్ఠంగా 90 రోజులు, జన్మకు ఒక్కసారి. అంతకుముందు యజమాని ద్వారా రావలసిన అర్జీని నేరుగా కార్మికుడే పెట్టుకోవచ్చునన్నారు. ఇది గడువు పెట్టి పొడిగిస్తూ వచ్చిన పథకం కాబట్టి, ఇప్పటి గడువేమిటో దగ్గరలోని ఈఎస్ఐ శాఖా కార్యాలయంలో అడగాలి. 2017లో ఈఎస్ఐ జీతపు పరిమితిని 21,000 చేశారు గనుక, ఈ సోదరి భర్తకు అర్హత ఉండే అవకాశమే ఎక్కువ.

రెండవది పని వెదికే గుమ్మం. పాత ఎక్స్ఛేంజీలకు తోడు 2015లో కేంద్రం నేషనల్ కెరీర్ సర్వీస్ అని ఇంటర్నెట్‌లో తెరిచింది. పేరు నమోదు చేసుకొనటానికి రుసుము లేదు.

మూడవది శిక్షణ. ఇక్కడే మనం ఎప్పుడూ దెబ్బతింటున్నాం. 1992లో నేషనల్ రెన్యువల్ ఫండ్ పెట్టారు. ఆర్థిక సంస్కరణలలో పని పోయేవారికి కొత్త విద్య నేర్పి మళ్ళీ నిలబెడతామన్నారు. ఆ నిధిలో చాలా భాగం స్వచ్ఛంద పదవీ విరమణ చెల్లింపులకే పోయింది. మనిషిని పంపించటానికి డబ్బు సరిపోయిందిగాని, మళ్ళీ పిలవటానికి మిగలలేదు. 2000లో నిధినే ఎత్తివేశారు. ఇప్పుడు, 2025 నవంబరునుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతిలో, తీసివేసిన కార్మికుడికోసం యజమాని 15 రోజుల వేతనం నైపుణ్య నిధికి కట్టాలి, 45 రోజులలో అది కార్మికుడి ఖాతాకు చేరాలి అన్నారు. మంచిదే. కాని ఆ డబ్బుతో ఎక్కడ, ఏమి నేర్చుకోవాలో చెప్పే మనిషిని ఎవరూ పెట్టలేదు. నలభై మూడేళ్ళ స్టోర్ కీపరుకు కావలసింది ఆ మనిషే అని నా అభిప్రాయం.

మూడు నెలల భత్యం చాలదని ఎవరైనా అంటే, నేను కాదనను. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014 సెప్టెంబరులో ఆగింది. రాష్ట్ర ప్రభుత్వం రాయితీలిచ్చి, జె.కె. పేపర్ వారు తీసుకొని, తిరిగి నడిపేసరికి 2018 వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల ఇంటరుకు వచ్చేటంత కాలం!

సోదరి ఉత్తరం చివర మరొక వాక్యం ఉంది. "లెక్క తొందరగా తేలుతుందని రాజీనామా కాగితం మీద సంతకం పెట్టమంటున్నారట. ఇంకా పెట్టలేదు" అని.

అమ్మా, పెట్టనివ్వకండి. ముందు కార్మికశాఖ కార్యాలయంలోగాని, తెలిసిన వకీలు దగ్గరగాని చూపించండి. రిట్రెంచ్‌మెంటు అయితే, పనిచేసిన ప్రతి నిండు సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. పదిహేనేళ్ళకు అది ఏడున్నర నెలల జీతం. తానే మానుకొన్నట్లు రాసి ఇస్తే అది పోతుంది. ఈఎస్ఐ భత్యానికీ అడ్డు రావచ్చు. జీతపు చీటీలు, నియామకపు ఉత్తరం, ఈఎస్ఐ నంబరు ఒక కవరులో పెట్టండి. ప్రావిడెంట్ ఫండు ఖాతాలో పని మానిన తేదీ పడిందో లేదో చూడండి. కంపెనీవారు వెయ్యకపోతే, రెండు నెలలు గడిచాక ఉద్యోగే వేసుకొనే వీలు 2020లో కల్పించారు. ఈఎస్ఐ కార్యాలయానికి మాత్రం ఈ వారమే వెళ్ళండి. గ్రంథాలయానికి వెళ్ళే వేళకే అదీ తెరుస్తారు.