చలిదేశంలో మిరప గిడ: గింజ అక్కడిదే అయితే ఏం తక్కువ?

చలికాలం సెలవులకు ఊరికి వచ్చి తిరిగి వెళ్ళే మన పిల్లలు మూటలో కట్టుకోవాలని అడిగేవాటిలో మిరప గింజలు ఒకటి. ఫిన్లాండ్‌లో, స్వీడన్‌లో ఉన్నవాళ్ళకైతే అది మరీ ఆశ. కిటికీ దగ్గర కుండీలో గుంటూరు కారం పండించాలని. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: ఆశ మంచిదే, గింజ మాత్రం మొయ్యద్దు. అక్కడ దొరికే గింజ వేసుకోండి, అక్కడ కాసిన చెట్టు గింజే దాచుకోండి.

ఎందుకో లెక్క చూడండి. మన దగ్గర నారు పోసినప్పటి నుంచి ఎర్రకాయ కోసేదాకా ఐదు నెలలకు తక్కువ పట్టదు. దక్షిణ ఫిన్లాండ్‌లో జూన్ మొదటి వారం దాకా రాత్రిపూట మంచు భయం ఉంటుంది, సెప్టెంబర్ వచ్చిందంటే మళ్ళీ మొదలు. ఒక్క రాత్రి గడ్డకట్టే చలి తగిలితే చాలు, మిరప నల్లబడి పోతుంది. అంటే బయట దొరికేది మూడు, మూడున్నర నెలలు. మిగతాది ఇంట్లోనే గడవాలి. డిసెంబర్‌లో హెల్సింకీలో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. అందుకే అక్కడివాళ్ళు జనవరి, ఫిబ్రవరిలోనే ఇంట్లో గింజ నాటి, రోజుకు 14 నుంచి 16 గంటలు దీపం వెలిగిస్తారు. ఇంత చేసినా, ఆలస్యంగా పండే రకమైతే కాయ పచ్చగా ఉండగానే చలి వచ్చేస్తుంది.

రెండో సంగతి చట్టం. 2019 డిసెంబర్ 14 నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశపు విత్తనం తీసుకెళ్ళాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాల. పొడి డబ్బాలో నాలుగు గింజలే కదా అని మన పెద్దవాళ్ళు అంటారు. టమాటా, మిరప జాతుల్ని పట్టే ఒక వైరస్ గింజ ద్వారానే దేశాలు దాటుతోంది. నాలుగు గింజలైనా, నాలుగు మూటలైనా వైరస్‌కు తేడా తెలియదు.

మరి ఏం వెయ్యాల? హంగేరియన్ హాట్ వ్యాక్స్ అని ఒక రకం ఉంది. తొందరగా కాస్తుంది, లేత పసుపు రంగు, పొడుగు కాయ. మన బజ్జీ మిరపకాయకు తోబుట్టువు లాగుంటుంది. మొలక రావాలంటే మట్టి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో ఉండాల. గది 20 డిగ్రీలే ఉంటే గింజ వారాల తరబడి నిద్రపోతుంది. రాత్రి చలి 13 డిగ్రీల కిందికి దిగితే పూత రాలుతుంది. ఇంట్లో గాలి, తేనెటీగ ఉండవు కాబట్టి పూలను వేలితో మెల్లగా తట్టాల. సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని మాది, కాబట్టి ఒక మాట: ఒకేసారి నీళ్ళు, ఎరువు, దీపం మూడూ మార్చద్దు. ఒక్కటే మార్చి వారం చూడండి. లేకపోతే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

మన పొలాల్లో మిరపను ప్రతి ఏడూ పీకేస్తాం కాబట్టి అది ఒక్క ఏటి పైరు అనుకుంటాం. కాదు, అది ఏళ్ళ తరబడి బతికే గిడ. కొమ్మలు కత్తిరించి, చలికాలమంతా 10, 15 డిగ్రీల చోట, నీళ్ళు తగ్గించి ఉంచితే వసంతంలో మళ్ళీ చిగురేస్తుంది. రెండో ఏడు కాయ ముందే వస్తుంది. హైబ్రిడ్ కాని రకమైతే, పక్కన వేరే మిరప లేకపోతే, దాని గింజా అదే రకం ఇస్తుంది.

"అది మిరపకాయేనా? కారమే లేదు" అంటారు ఇక్కడి అత్తయ్యలు, మామయ్యలు. ఇక్కడే మాకు నొప్పి. మిరప మనదెప్పుడు? అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. కొత్తగా వచ్చినదానికి తెలుగువాళ్ళు మిరియం పేరు తగిలించి మిరపకాయ అన్నారు, కన్నడిగులు మెణసు పేరుతో మెణసినకాయి అన్నారు. పాత చుట్టం పేరు పెట్టి ఇంట్లో కలుపుకున్నారు. గుంటూరులో కారమైంది, హావేరి జిల్లా బ్యాడగిలో ముడతలు పడి, కారం తగ్గి, రంగు పెరిగింది. హంగేరీలో పాప్రికా అయింది. సెగెడ్ ఊరి పాప్రికా నుంచే సెంట్ గ్యోర్గి విటమిన్ సి తీశారు, 1937లో నోబెల్ అందుకున్నారు. ఏ నేల మిరపనూ దొంగ మిరప అనలేం.

మనమూ అంతే కదండి. మేము కన్నడ మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి పెరిగినవాళ్ళం. మొక్కను గిడ అంటాం, పోపును ఒగ్గరణ అంటాం. ఆంధ్రా చుట్టాలు "ఇదేం తెలుగు" అని నవ్వినప్పుడు ఎలా ఉంటుందో మనకు తెలుసు. మళ్ళీ అదే మాట ఎస్పూలో పెరిగే మన మనవల మిరపను, వాళ్ళ తెలుగును మనం అంటే ఎట్లా?

ఖర్చు మాటా నిజమే. దీపం కరెంటు బిల్లుతో ఇండియన్ అంగడిలో ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు వస్తాయి. కానీ అంగట్లో కొన్న పొట్లం పిల్లచేత మొలక, పూత, పిందె, దోర, పండు అని పలికించదు. ఆ మాటలు పుస్తకంలో నేర్పితే నిలవవు, రోజూ కిటికీ దగ్గర చూస్తే నిలుస్తాయి.

కాబట్టి పెద్దవాళ్ళకు మా మనవి ఇదే. ఈసారి వీడియో కాల్‌లో పిల్లలు కుండీ చూపిస్తే, కారం ఎంత అని అడగద్దు. పిందె పట్టిందా అని అడగండి.