మేడ క్రింది నేల యెవరిది?

మా కోస్గి ప్రాంతమునుండి పొట్ట చేతబట్టుకొని హైదరాబాదు పోవు కూలీలు పెక్కుమంది. ‘పాలమూరు కూలీ’ యన్నది వృత్తినామమే యైనది. వారి చేతులమీదుగా మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో మేడలు లేచినవి. 1998లో పది అంతస్తుల సైబర్ టవర్స్ వెలసినప్పుడు జనులు వింతగా జూచిరి. నేడది తన యిరుగుపొరుగుల నడుమ పొట్టిది. ఇట్టి మేడకు రాయి మోసినవాడు పని ముగిసిన మరునాడు దాని నీడను కూర్చుండబోయినచో కావలివాడు లేపును.

మేడ క్రింద తోట లేకపోలేదు. 2012 నాటి భవననిర్మాణ నియమములు (168వ ఉత్తరువు) ఎత్తైన కట్టడముల స్థలములో నూటికి పదిపాళ్లు పచ్చదనము మున్నగువానికి విడువవలెనని విధించినవి. విడిచిరి, పచ్చిక పెంచిరి, చుట్టును ప్రహరి కట్టిరి. చట్టము పచ్చికను గోరినది గాని బాటసారికి త్రోవ గోరలేదు. అంగళ్లును గలవు, అద్దపు తలుపుల వెనుక. చాయబండివాడు మాత్రము వెలుపల నిలిచి పోలీసువాని రాకకై నలుదెసలు చూచుకొనవలసినదే.

న్యూయార్కులో 1958లో ముగిసిన సీగ్రమ్ భవనమువారు ముంగిట విశాలమైన ఖాళీ విడిచిరి. 1961లో ఆ నగరము, ప్రజలకు విడిచిన ప్రతి చదరపుటడుగునకు మిక్కిలి రద్దీ ప్రాంతములలో పది చదరపుటడుగుల అదనపు కట్టడమున కనుమతి నిచ్చెను. ఖాళీలు వచ్చినవి, పెక్కింటికి జనులు రాలేదు. విలియం వైట్ అను పరిశీలకుడు శ్రమపడి కనుగొన్నదేమన, కూర్చుండ వీలున్నచోటనే మనుష్యులు కూర్చుందురట! మన రచ్చబండ నడిగిన చెప్పియుండును. 1975లో ఆసనములను నియమములలో చేర్చిరి.

ఆ బేరము హైదరాబాదులో సాగదు. 2006లోనే అంతస్తుల విస్తీర్ణముపై పరిమితిని తీసివేసిరి. అడుగకయే యిచ్చివేసినదానిని ఎరగా జూపుటెట్లు? కావున అనుమతిపత్రమునందే షరతు వ్రాయవలెను: నేల అంతస్తు వీధికి తెరచియుండవలెను, చెట్టు నీడను అరుగులుండవలెను, 2014 నాటి వీధివ్యాపారుల చట్టము గుర్తించిన చిన్న వర్తకునకును అందు తావుండవలెను. పెద్ద యద్దె లభింపదని యజమానులు సణుగుదురు. సణుగనిండు.

1935 నాటి మొజంజాహీ మార్కెటును జూడుడు. నడుమ ఆరుబయలు, చుట్టును రాతి దుకాణములు. లోనికి బోవువానిని ఏ కంపెనీ వాడవని యెవ్వరు నడుగరు.

కోస్గియు 2018లో పురపాలక సంఘమైనది. ఇచ్చట పెద్ద దుకాణసముదాయమునకు తొలి నక్ష వచ్చునాటికే యీ షరతు కాగితముమీద నుండవలెనని అధికారులను కోరుచున్నాము.