గుమ్మం ముందు పల్లె



ఈ భాగంలో వర్గీకరణ గురించి రాస్తానని చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరిపి ఇంటి గుమ్మం గురించి రాస్తున్నాను. గుమ్మం చిన్న విషయమని ఎవరికైనా అనిపిస్తే, వాళ్లని ఎప్పుడూ ఎవరూ గుమ్మం బయట ఆపలేదని అర్థం.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు లిఫ్ట్ దిగి నాలుగడుగులు వేస్తే చాలు, పల్లెటూరు మొదలవుతుంది. గోడకు మట్టి మెత్తినట్టు కనిపించే టెక్స్చర్ పెయింట్. దాని మీద తెల్లటి ముగ్గు డిజైన్. ఎడ్లబండి చక్రం ఒకటి గోడకు ఆనించి ఉంటుంది. జనపతాడుకు కట్టిన మట్టి ముంతలు, వెదురు చేట, పాత లాంతరు. ఇత్తడి ఉరుళిలో నీళ్లు, నీళ్ల మీద బంతిపూలు. పాత ఇళ్లు పడగొట్టినచోట కొనుక్కొచ్చిన టేకు తలుపు. ఇంకా శ్రద్ధ ఉన్నవాళ్ల ఇంట్లో ఒక డప్పు. దీన్ని ఇంగ్లీషులో రస్టిక్ అంటున్నారు. ఇంటీరియర్ డిజైనర్లు మనకు అర్థమయ్యేలా 'పల్లె లుక్' అంటారు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మా ప్రకాశం వైపు పల్లె అంటే ఊరు కాదు. ఊరు వేరు, పల్లె వేరు. మాలపల్లె, మాదిగపల్లె. 'పల్లెలోకి వెళ్లి ఇద్దరు కూలోళ్లని కేకేసుకురా' అంటే ఎక్కడికి వెళ్లాలో మా ఊళ్లో ఐదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. ఊళ్లో ఇళ్లను 'గడప'లతో లెక్కపెట్టేవాళ్లు, మూడొందల గడప, నాలుగొందల గడప అని. మా పల్లెను గుడిసెలతో లెక్కపెట్టేవాళ్లు. మా గుడిసెలకు గడప ఎక్కడిది? తడిక తీసి, నడుం వంచి లోపలికి పోవడమే. కాబట్టి ఈ పల్లె లుక్ మా పల్లెది కాదు. అది ఊళ్లో పెద్దరైతు ఇంటి వాకిలి. ఆ వాకిలి అందంగా ఉండేదన్నది నిజమే. తెల్లారకముందే వచ్చి కసువు ఊడ్చి, పేడకళ్లాపి చల్లేది ఎవరో ఆ ఫొటోల్లో కనిపించదు. అంతే తేడా.

ఇల్లు అలంకరించుకోవడం తప్పని నేను అనడం లేదు. కుమ్మరి చేసిన కుండ, మేదరి అల్లిన బుట్ట అమ్ముడుపోతే నాకు సంతోషం. శిల్పారామంలో బేరమాడకుండా కొంటే ఇంకా సంతోషం. నా పేచీ వస్తువులతో కాదు. వస్తువుని లోపలికి రానిచ్చి మనిషిని రానివ్వని గుమ్మంతో.

తెలుగు సాహిత్యం చదివినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. జాషువా 'గబ్బిలం' వచ్చింది 1941లో. గుడిసెలో ఆకలితో ఉన్న మనిషి తన మొర శివుడికి చెప్పిరమ్మని గబ్బిలాన్ని పంపుతాడు. గుడి గడప గబ్బిలానికి అడ్డం కాదు. అతనికి అడ్డం. ఆ కావ్యాన్ని క్లాసులో మేఘసందేశంతో పోల్చి ముగించేస్తారు. పిట్ట పోగలిగిన చోటికి మనిషి పోలేడన్న సంగతి మీద మాత్రం పరీక్షలో ప్రశ్న రాదు. ఇవాళ గబ్బిలం స్థానంలో డప్పు ఉంది. డప్పు లోపలికి పోగలదు, అది కొట్టిన మనిషి పోలేడు.

డప్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చెక్క చట్రానికి తోలు బిగించి చేస్తారు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. కొట్టేముందు గడ్డిమంట వేసి కాచాలి. కాచకపోతే తోలు వదులై దెబ్బకు మోగదు. కాచిన డప్పు కూడా కాసేపటికి మళ్లీ చల్లబడుతుంది, మళ్లీ మంట దగ్గరికి తీసుకెళ్లాలి. అంటే డప్పు ఎప్పుడూ మంట పక్కన ఉండాల్సిన వస్తువు. ఏసీ గాలి తగిలే గోడకు మేకుకొట్టి వేలాడదీస్తే వానాకాలానికి అది తడిసిన అట్టముక్క లాంటిదే. కొన్నవాళ్లకు ఆ సంగతి తెలీదు, ఎందుకంటే వాళ్లెప్పుడూ దాన్ని కొట్టి చూడరు.

మా తాత డప్పు కొట్టేవాడు. ఊళ్లో ఎవరు చచ్చినా వెళ్లాలి, జాతరకు వెళ్లాలి, చాటింపుకి వెళ్లాలి. ఇష్టమా, కష్టమా అని ఎవరూ అడగరు. వెళ్లనంటే మర్నాటి నుంచి పని ఉండదు. అందుకే మాలో చాలామంది ఒక తరం మొత్తం డప్పు ముట్టుకోలేదు. మా నాన్న పట్టుకోలేదు. తర్వాత 1994 జూలై 7న అదే జిల్లాలోని ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. ఊరి పెద్దల మాట చాటడానికి కొట్టిన డప్పుని మన మాట చెప్పడానికి కొట్టడం మొదలుపెట్టాం. ఆ దెబ్బ సుప్రీంకోర్టు దాకా వినపడడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 2024 ఆగస్టు 1 తీర్పు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంత ప్రయాణం చేసిన వాయిద్యాన్ని తెచ్చి చెప్పుల స్టాండ్ పైన తగిలిస్తే నాకు కోపం రాదా?

చెప్పుల స్టాండ్ అన్నాను కదా, దాని సంగతీ చూడండి. ఈ గుమ్మాల్లో ఒక పాతకాలపు చెక్కబల్ల వేస్తున్నారు, కూర్చుని చెప్పులు విప్పుకోవడానికి. మన ఇళ్ల అరుగులకి అది నకలు. అరుగు మీద ఎవరు కూర్చోవాలి, ఎవరు మెట్టు కింద నిలబడాలి, ఎవరు వీధిలోంచే కేకేయాలి అన్నది ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. ఆ అరుగుల ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేతబట్టుకున్నవాళ్లు ఆ చెప్పులు కుట్టినవాళ్లే.

ముంతల గురించి. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు: పీష్వాల పూనాలో అంటరానివాళ్లు తమ అడుగుజాడలు చెరిపేయడానికి నడుముకు చీపురు కట్టుకోవాలి, ఉమ్మి నేల మీద పడకుండా మెడలో ముంత వేలాడదీసుకోవాలి. తాడుకు వేలాడే మట్టిముంతని చూసినప్పుడు నా కళ్లు మొదట అటే వెళ్తాయి. మీ కళ్లు వెళ్లాలని నేను బలవంతం చేయను. ఇత్తడి బిందెలో పూలు చూసినప్పుడు కారంచేడు గుర్తొస్తుంది. మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల బకెట్ కడగొద్దన్నందుకు మొదలైన గొడవలో, తనని కొట్టబోయినవాళ్ల మీదికి ఒక మాదిగ స్త్రీ ఎత్తింది నీళ్ల బిందెనే. మర్నాడు, 1985 జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు.

బండి చక్రం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బండి రైతుది. పాలేరు దాని వెనకాల నడిచాడు.

అసలు విషయం ఇంకొకటుంది, దీన్ని మన వాళ్లు కూడా సరిగా గమనించడం లేదు. ఎవరికి మట్టి అందంగా కనిపిస్తోంది? ఎవరికి సిమెంటు అందంగా కనిపిస్తోంది? 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో మట్టిగోడలూ తాటాకు కప్పులూ ఎలా కొట్టుకుపోయాయో ఆ వైపు ముసలివాళ్లని అడగండి. ప్రతి వేసవిలో ఒక నిప్పురవ్వ, వరసగా గుడిసెలు. ప్రతి వానకి గోడ ఒరుగుతుందేమోనని నిద్రలేని రాత్రి. మట్టి అలకాలి, పండక్కి ఒకసారి, వానకి ఒకసారి, అలికే చేతులు ఆడవాళ్లవి. అందుకే మా వాళ్లకి స్లాబు పడితే పండగ. ఇందిరమ్మ ఇల్లు మంజూరైతే, బిల్లు వచ్చినా రాకపోయినా అప్పు తెచ్చి ముందు స్లాబు వేస్తారు. తర్వాత ముందుగోడకి టైల్స్, స్టీలు గేటు, గులాబీ రంగో చిలకపచ్చ రంగో. దాన్ని చూసి 'అబ్బ, ఏం టేస్టండీ' అని నవ్వేవాళ్లు నాకు తెలుసు. వాళ్ల గుమ్మంలోనే మట్టిగోడ పెయింట్ ఉంటుంది. మనం మట్టిలో ఉన్నంతకాలం మేడ గొప్ప. మనం సిమెంటులోకి వచ్చేసరికి మట్టి గొప్ప అయింది. రుచి అనేది పుట్టుకతో రాదు, ఎవరు ఎక్కడ నిలబడ్డారో దాన్నిబట్టి జరుగుతూ ఉంటుంది.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామాన్ని పొగిడేవాళ్లకి జవాబు చెప్పారు. గ్రామమంటే సంకుచితత్వం, అజ్ఞానం, మతతత్వం పేరుకుపోయిన చోటు కాక మరేమిటని అడిగారు. ముసాయిదా రాజ్యాంగం గ్రామాన్ని పక్కనపెట్టి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషించారు. ఆయన అలా అన్నందుకు ఇప్పటికీ నొచ్చుకునేవాళ్లున్నారు. వాళ్లకి గ్రామం ఎలా గుర్తుందో వాళ్ల గుమ్మాలే చెబుతాయి: మనుషులు లేకుండా, సామాన్లతో.

మనుషులు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో కూడా తెలుసు. ఇంటిపని చేసేవాళ్లు, డెలివరీ ఇచ్చేవాళ్లు మెయిన్ లిఫ్ట్ ఎక్కితే జరిమానా అని నోటీసు అంటించిన హౌసింగ్ సొసైటీ హైదరాబాద్‌లోనే వార్తలకెక్కింది. ఆ భవనంలో ఎన్ని చేటలు గోడలకు వేలాడుతున్నాయో! ఆ చేట పట్టిన చేతులకి వేరే లిఫ్ట్.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. చదువుకుని ఉద్యోగాల్లోకి వచ్చిన మనం అద్దె ఇళ్లలో ఏం చేస్తున్నాం? నేను ఉద్యోగంలో చేరిన ఊళ్లో ఒక ఇంటి ఓనరు గేటు దగ్గరే 'మీరేమిట్లమ్మా?' అని అడిగి, నా జవాబు విని, ఇల్లు తన మేనల్లుడికి ఇచ్చేశామన్నాడు. నెల తర్వాత కూడా టు-లెట్ బోర్డు అలాగే ఉంది. ఇలాంటివి రెండు మూడు తగిలాక మనవాళ్లు ఏం నేర్చుకుంటారంటే, అంబేడ్కర్ ఫొటో బెడ్‌రూమ్‌లో పెట్టుకోవడం. హాల్లో ప్రకృతి దృశ్యం, గుమ్మానికి మామిడాకులు, బీరువా పక్కన బాబాసాహెబ్. నేను వాళ్లని తప్పుపట్టను. పిల్లల స్కూలు మధ్యలో ఉన్నప్పుడు ఇల్లు ఖాళీ చేయమంటే ఏం చేస్తారు? కానీ గుమ్మం అలంకారమనేది ఒకరికి సరదా, ఒకరికి జాగ్రత్త అని ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు మేం లోన్ తీసుకుని రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నాం. డిజైనర్ కుర్రాడు మంచివాడు, ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. 'మేడమ్, మీరు తెలుగు లెక్చరర్ కదా, గుమ్మానికి పల్లె లుక్ బాగా సూటవుద్ది' అన్నాడు. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసింది. గోడకు చేట, రోకలి, మూలన తిరగలి. 'ఇవెందుకు నాయనా మళ్లీ? దీన్ని చదివించింది వాటినించి బయటపడాలనే కదా' అంది. ఆ కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. నాకు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది గానీ పల్లె సౌందర్యం మీద ఇంత సూటి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

మేం ఇంట్లో అనుకున్నది ఇది. గేటుకీ తలుపుకీ మధ్య ఒక అరుగు, నలుగురు కూర్చునేంత వెడల్పుగా. చెత్తబండి వచ్చే అన్న, పోస్టు తెచ్చే అబ్బాయి, ఎండలో నడిచొచ్చిన ఎవరైనా అడక్కుండా కూర్చునేలా. అక్కడే ఒక మంచినీళ్ల కూజా, అందరికీ ఒకే రకం గ్లాసులు. ఒకే రకం గ్లాసులని ఎందుకంటున్నానో మీకు తెలుసు. తలుపు తీయగానే రోడ్డు మీదకి కనిపించేలా బాబాసాహెబ్ ఫొటో. డప్పు కూడా ఉంటుంది, కానీ మేకుకి కాదు. తాత డప్పు తోలు ఎప్పుడో పోయింది, చట్రం మాత్రం మా చిన్నాన్న దగ్గరుంది. దానికి కొత్త తోలు బిగించి ఇస్తానన్నాడు. మా తమ్ముడి కొడుక్కి పదకొండేళ్లు, నేర్చుకుంటానంటున్నాడు. పెరట్లో మంట వేసుకునే జాగా వదిలాం.

అమ్మకీ నాకూ ఒక్క విషయంలోనే తేలలేదు. ముందుగోడకి ఆమెకి గులాబీ రంగు కావాలి. నేను లేత బూడిదరంగు అన్నాను. పెయింటర్ సోమవారం వస్తాడు, అమ్మ ఇప్పటికే అతని నంబరు తీసుకుంది.

వచ్చే వారం వర్గీకరణ. జై భీమ్.