పాచికల దేవత

"హేతువాది అయ్యుండి ఇంట్లో పిల్లలచేత దేవతలూ మంత్రాలూ ఆడిస్తున్నారేమిటండీ?" అని మొన్న మా సంఘం మిత్రుడొకాయన నిలదీశారు.

అయ్యా, ఈ గగ్గోలు కొత్తదేం కాదు. కథ చెప్పుకుంటూ పాచికలు వేసి ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'ని గైగాక్స్, ఆర్నెసన్ 1974లో తెచ్చారు. 1980లలో అమెరికా మతఛాందసులు దాన్ని సైతాను పూజన్నారు. ప్యాట్రీషియా పుల్లింగ్ దానికి వ్యతిరేకంగా 1983లో ఏకంగా సంఘమే పెట్టింది. వాళ్ళంటే సైతానుని నమ్మేవాళ్ళు, భయపడ్డారు. మీకెందుకండీ భయం?

మా ఆటలో కథ నడిపేది నేనే. ఏటి దేవతని ఓ రాత్రి వంటింట్లో కూర్చుని కల్పించాను. "ఆవిడకి మేకనిస్తే ఏం చేస్తుంది?" అనడిగారు పిల్లలు. అప్పటికప్పుడు ఏదో అల్లాను. రెండు వారాలకి అదే ఆచారమై కూర్చుంది, మార్చబోతే నామీదే పోట్లాట! దేవుళ్ళెలా పుడతారో మన ఏ ఉపన్యాసం ఇంత బాగా చెప్పింది?

ఇక మా మేనల్లుడి 'అదృష్టం పాచిక'. ఇరవై ముఖాలది. 400 సార్లు వేయించాను. లెక్కప్రకారం 20 అంకె సుమారు ఇరవైసార్లు పడాలి. 23 సార్లు పడింది. "చూశావా మామయ్యా!" అన్నాడు. మరో 400 వేయించాను. ఈసారి 18. "దీని అదృష్టం అయిపోయింది, ఇంకోటి కొనిపెట్టు" అంటున్నాడు.

కొత్తదాన్ని కూడా 400 సార్లు వేయించాలి.